ఋతువులెరుగని నగరమున తొలిదినములు

ఎండ యన్నది తెలుగువారికి క్రొత్త విషయము కాదు. రోహిణికార్తెలో రామగుండమున 45 డిగ్రీల వడగాడ్పును భరించి పెరిగినవాడు, పగటి యుష్ణోగ్రత యేడాది పొడవునను సాధారణముగా 31, 33 డిగ్రీల నడుమనే మెలగు సింగపూరునకు ఒంటరిగా పయనమగునప్పుడు, అచటి వాతావరణమును గూర్చి యొకింతైనను చింతింపడు. అట్టివాడే, విమానము దిగిన మరునాడు మిట్టమధ్యాహ్నమున రెండు వీధులు తిరుగునంతలో చొక్కా వంటికంటుకొని, అడుగులు బరువెక్కి, ఇంత మితమైన వేడికి తానింతగా డస్సిపోవుటేమని విస్తుపోవును.

పట్టిన చెమట యావిరియై పోయిననే శరీరము చల్లబడును. సగటున 80 శాతమునకు మించిన ఆర్ద్రతగల గాలి, తానే నీటితో నిండియుండుటచేత, మన మేని తేమను త్వరగా గ్రహింపజాలదు. ఐనను దేహము దీనికి అలవడనిది కాదు. ఒకటి రెండు వారములలో చెమట త్వరగా పట్టుటయు, దానితో పోవు లవణము తగ్గుటయు, గుండెకు శ్రమ తగ్గుటయు సంభవించును. కావున తొలిదినముల నీరసమునకు బెదరక, నీరు పుష్కలముగా త్రాగి, నడకను తగ్గించుకొనుట వివేకము.

బందరు, విశాఖ తీరములవారికి ఈ యుక్క కొంత పరిచితమే; అయినను వారికిని తెలియని దొకటి కలదు, అది ఈ వేసవికి కడ లేకుండుట. ఎంత వేగినను మృగశిరతో తొలకరి వచ్చునను నమ్మిక మనల నిలువబెట్టును. భూమధ్యరేఖకు సుమారు 137 కిలోమీటర్ల యుత్తరముగా నున్న సింగపూరున అట్టి నిరీక్షణకు తావు లేదు. ఏడాదిలోని అతిదీర్ఘమైన పగటికిని అతిహ్రస్వమైన పగటికిని భేదము పది నిమిషములైనను నిండదు. సూర్యుడు ఏ నెలలోనైనను ఉదయము ఏడుగంటల ప్రాంతమున నుదయించి, రాత్రి ఏడుగంటల ప్రాంతమున నస్తమించును. డిసెంబరులో వానలు అధికమే గాని, సంవత్సరమునకు సుమారు 2,100 మిల్లీమీటర్ల వర్షము అన్ని నెలలయందును కురియును. ఏప్రిలు మొదలు నవంబరు వరకు అప్పుడప్పుడు సుమత్రా దిక్కునుండి గాలివాన తెల్లవారుజామున వచ్చి పడుట కలదు. పెక్కు దినములలో, ప్రొద్దుటినుండి కాగిన నేలమీది తేమగాలి పైకెగసి మేఘమై, మధ్యాహ్నము దాటిన పిదప ఉరుములతో కురిసి కొంతసేపటికి వెలియును. మనము నెలలనుబట్టి జీవింతుము, సింగపూరువారు గంటలనుబట్టి జీవింతురు. ఈ భేదము గ్రహించిన పథికునికి నగరము సగము తెలిసినట్లే.

ఆ నగరము కట్టబడిన తీరే యిందుకు సాక్ష్యము. 1822లో స్టాంఫర్డ్ రాఫెల్సు పట్టణ ప్రణాళికను నిర్దేశించుచు, ప్రతి యింటిముందును ఎల్లరును నడువదగిన కప్పుగల వసారా ఉండవలెననెను. అట్లేర్పడిన ఐదడుగుల దారులు చైనాటౌనులోను, సెరంగూన్ రోడ్డు దుకాణములముందును నేటికిని బాటసారిని ఎండవానలనుండి కాపాడుచున్నవి. ప్రభుత్వ గృహసముదాయములలో నేలయంతస్తును గోడలులేక తెరచియుంచుటయు, అచటినుండి రైలు స్టేషనులకు కప్పుగల నడకదారులు వేయుటయు ఆ సంప్రదాయమునకు కొనసాగింపే. దగ్గరిదారిని విడిచి నీడగల దారిని ఎన్నుకొనుట క్రొత్తవాడు మొదట అలవరచుకొనదగిన విద్య.

ఒంటరివానికి మిక్కిలి వెలితిగా తోచు వేళ భోజనవేళ. దానికి తగిన యుపాయము హాకర్ సెంటరు. వీధులలో బండ్లపై అమ్ముకొనువారిని ప్రభుత్వము ఒక కప్పు క్రిందికి చేర్చి, నీటి వసతియు మురుగు సౌకర్యమును కల్పింపగా నేర్పడిన యీ భోజనశాలల సంస్కృతిని 2020లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చెను. బల్లలు అందరివి, అపరిచితుల సరసన కూర్చుండుట తప్పుగాదు. తోడులేనివాడు కాగితపు రుమాళ్ల పొట్లమొకటి బల్లపై నుంచిపోయినచో, ఆ చోటు అతనిదేయని అందరును మన్నింతురు. తిన్న పిదప పళ్లెమును తానే యథాస్థానమున చేర్చవలెను. మలయుల నాసి లెమాకు, చైనీయుల కోడికూర యన్నము, డబ్బాపాలు కలిపిన చిక్కని కోపి అన్నియు నొకేచోట లభించును. స్వదేశపు రుచికై మనసు లాగినచో, లిటిల్ ఇండియాలోని టెక్కా సెంటరున దోసెలును బిరియానియు సిద్ధము. ఆ సమీపముననే శ్రీనివాస పెరుమాళ్ కోవెల కలదు. అరవము అధికారభాషలలో నొకటి యగుటచేత ఆ లిపి నామఫలకములపై కనబడును. తెలుగువారు సంఖ్యలో తక్కువయైనను, తెలుగు సమాజము ఉగాదిని జరుపుచున్నది.

ఇక దినచర్య. వృక్షోద్యానము ఉదయము అయిదు గంటలకే తెరవబడును గనుక నడకకు ఆ వేళ యనుకూలము. నడిపగలు వస్తుప్రదర్శనశాలకో గ్రంథాలయమునకో వినియోగించి, వానవెలిసి ప్రొద్దువాలిన పిదపనే వీధులలోనికి పోవలెను. పిల్లలతో కుటుంబములు బయలుదేరునదియు, హాకర్ సెంటరులు కిటకిటలాడునదియు అప్పుడే. చూడదగినవన్నియు తొలిదినముననే చూడబూని మధ్యాహ్నమంతయు తిరిగినవాడు సాయంకాలమునకు గదిలో పడి నిద్రించును. సింగపూరు ప్రజలు తమ నగరమును అనుభవించునది మాత్రము ఆ సాయంకాలముననే.