దురద చిన్న నొప్పి కాదు: అపోహలు – వాస్తవాలు

ఒంట్లో మంటైనా, తిమ్మిరైనా, దురదైనా ‘నరాల వీక్‌నెస్’ అనేయడం మనకు అలవాటు. నిజానికి ఒక్కో బాధకు ఒక్కో దారి ఉంది. ఆ తేడా తెలియకే కొందరు పనిచేయని మందు మింగుతారు, మరికొందరు డాక్టర్ దగ్గరికి ఆలస్యంగా వెళ్తారు.

అపోహ: దురద అంటే చిన్నపాటి నొప్పే.

వాస్తవం: చాలాకాలం శాస్త్రవేత్తలూ అలాగే అనుకున్నారు. కానీ నొప్పి పుడితే చెయ్యి వెనక్కి లాక్కుంటాం, దురద పుడితే చెయ్యి అక్కడికే వెళ్తుంది. కడుపులో నొప్పి వస్తుంది గానీ పేగులకు దురద పుట్టదు. సిజేరియన్ సమయంలో వెన్నులోకి మార్ఫిన్ ఎక్కిస్తే నొప్పి తగ్గుతుంది, చాలామందికి ముఖం మీద దురద మొదలవుతుంది. రెండూ ఒకటే అయితే ఒకే మందుకు రెండూ తగ్గాలి కదా! 2007లో అమెరికాలోని వాషింగ్టన్ యూనివర్సిటీ పరిశోధకులు ఎలుకల వెన్నుపాములో దురదకు సంబంధించిన ప్రత్యేక గ్రాహకాన్ని (రిసెప్టర్) గుర్తించారు. అది లేని ఎలుకలు తక్కువగా గోక్కున్నాయి. నొప్పి మాత్రం వాటికి మామూలుగానే తెలిసింది.

అపోహ: గోకినా, సెట్రిజిన్ వేసుకున్నా ఏ దురదైనా పోతుంది.

వాస్తవం: గోకినప్పుడు కలిగే కాస్త నొప్పి దురదను కాసేపు అణచివేస్తుంది, ఆ హాయి అందుకే. కానీ గోకేకొద్దీ చర్మం రేగి దురద ఇంకా పెరుగుతుంది. సెట్రిజిన్ లాంటి మాత్రలు హిస్టమిన్ అనే రసాయనం వల్ల వచ్చే దద్దుర్లకు బాగా పనిచేస్తాయి. కిడ్నీ, లివర్ జబ్బుల్లో వచ్చే దురదకు ప్రధాన కారణం హిస్టమిన్ కాదు. దద్దుర్లేమీ లేకుండా వారాల తరబడి ఒళ్లంతా దురద పెడుతుంటే మాత్రలు మారుస్తూ కూర్చోకుండా రక్తపరీక్షలు చేయించుకోవాలి.

అపోహ: షడ్రుచుల్లో ఉంది కాబట్టి కారం రుచే.

వాస్తవం: పచ్చిమిరపకాయలు తరిగిన చేతులు మండుతాయి. చేతులకు రుచి తెలియదు మరి! మిరపలోని క్యాప్సైసిన్, సుమారు 43 డిగ్రీల సెల్సియస్ వేడికి స్పందించే గ్రాహకాన్నే తట్టిలేపుతుంది. అందుకే నోరు కాలినట్టుంటుంది. 1997లో ఆ గ్రాహకాన్ని గుర్తించిన డేవిడ్ జూలియస్, స్పర్శ గ్రాహకాలను కనిపెట్టిన ఆర్డెమ్ పటపూటియన్ 2021లో నోబెల్ పంచుకున్నారు. క్యాప్సైసిన్ నీళ్లలో సరిగా కరగదు. గుంటూరు కారం నషాళానికి అంటితే నీళ్ల కన్నా పెరుగు మేలు.

అపోహ: దెబ్బ తగిలిన చోట రుద్దుకోవడం ఉత్త ఓదార్పు.

వాస్తవం: రుద్దినప్పుడు స్పర్శను మోసే నరాలు చురుకై, వెన్నుపాము దగ్గర నొప్పి సంకేతాన్ని తగ్గిస్తాయి. 1965లో మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు ప్రతిపాదించిన ‘గేట్ కంట్రోల్’ సిద్ధాంతానికి మూలం ఇదే. ఎముక విరిగిందనిపిస్తే మాత్రం రుద్దకూడదు.

అపోహ: పుండు నొప్పి పెట్టకపోతే భయం లేదు.

వాస్తవం: అసలు భయపడాల్సింది అప్పుడే. కుష్ఠు వ్యాధిలో వేళ్లు వాటంతటవే కుళ్లి రాలిపోతాయని జనం నమ్మేవారు. వెల్లూరు సీఎంసీ ఆసుపత్రిలో పనిచేసిన సర్జన్ పాల్ బ్రాండ్ గమనించింది వేరు. బ్యాక్టీరియా నరాలను దెబ్బతీయడంతో స్పర్శ పోతుంది. వేడి గిన్నె పట్టుకున్నా, మేకు గుచ్చుకున్నా తెలియదు. గాయమైన చోటే మళ్లీ మళ్లీ గాయమై వేళ్లు పోతాయి.

షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నవారి పాదాలకూ ఇదే ముప్పు. చెప్పులో గులకరాయి ఉన్నా తెలియక రోజంతా నడిచేస్తారు. అందుకే డాక్టర్లు సన్నని నైలాన్ పోగును అరికాలికి ఆనించి, అది వంగేదాకా నొక్కుతారు. పడే ఒత్తిడి 10 గ్రాములే. అది తెలియకపోతే పాదానికి రక్షణ తగ్గినట్టే. షుగర్ ఉన్నవారు ఏటా ఒకసారైనా ఈ పరీక్ష చేయించుకోవాలి. రోజూ అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకోవాలి, చెప్పులు దులిపి తొడుక్కోవాలి. ఒంటి మీద స్పర్శ లేని మచ్చ కనిపిస్తే వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాలి. కుష్ఠు అని తేలినా మందులు అక్కడ ఉచితం, జబ్బు పూర్తిగా నయమవుతుంది.