కొర్రన్నం ఎవరి కంచంలోకి?

ఏది తింటే ఒంటికి మంచిదో తెలియని ఇల్లాలు ఈ రోజుల్లో ఎవరున్నారు చెప్పండి? టీవీ పెడితే అదే మాట, ఫోన్ తెరిస్తే అదే మాట. పెళ్లి పంక్తిలో పక్కన కూర్చున్నావిడ కూడా కొర్రలు, సామలు, ఊదలు, అరికలు అంటూ పేర్లు గడగడా అప్పజెప్పేస్తోంది. మరి తెలిసినదంతా కొంటున్నామా? కొన్నది వండుతున్నామా? వండింది అందరం తింటున్నామా? కొట్లో నిలబడ్డప్పుడు మన చెయ్యి ఒక మూట మీద పడడానికీ, ఇంకో మూట వదిలేయడానికీ వెనక ఏముందో, మా మార్కాపురం వీధుల్లో చూసిన మేరకు రాస్తున్నాను.

వరిబువ్వ వచ్చిన దారి

మాది మెట్ట ప్రాంతం. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడే దాకా మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలోనే ఉండేవి. అందుకే మా తిండిలోనూ సీమ వాసన. అమ్మమ్మల కాలంలో కొర్రబువ్వ, సద్దరొట్టె, జొన్నసంగటి, రాగిసంగటి రోజువారీ తిండి. వరన్నం పండక్కో, చుట్టాలొస్తేనో. ‘‘వాళ్లింట్లో రెండు పూటలా వరిబువ్వే’’ అన్నారంటే కలిగినవాళ్లని అర్థం. 1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పెట్టాక ఆ వరిబువ్వ పేదింటి పొయ్యి మీదికీ వచ్చింది. ఆకలి తీర్చింది. దాన్ని తక్కువ చేసి మాట్లాడకూడదు.

అయితే గొప్ప కోసమో, చవక కోసమో మాత్రమే మన పెద్దవాళ్లు కొర్రలు వదిలేశారంటే నేనొప్పుకోను. కొర్రల పొట్టు ఊరికే ఊడదు. రోట్లో పోసి దంచాలి, చెరగాలి, మళ్లీ దంచాలి. రొట్టెలు కావాలంటే తిరగలి ముందు కూర్చోవాలి. ఇదంతా చేసిందెవరు? కోడి కూయకముందే లేచిన ఆడవాళ్లు. మిల్లు బియ్యం వచ్చి ఆ రోకలిని వాళ్ల చేతుల్లోంచి తీసేసింది. ‘‘ఆ కాలం తిండే తిండి’’ అని అరుగు మీద కూర్చుని మెచ్చుకునే మగవాళ్లకు రోకటిపోటు బరువు ఏం తెలుసు? మంచి తిండి మళ్లీ ఇంట్లోకి రావాలంటే, అది ఇల్లాలి నడుము విరగ్గొట్టకుండా రావాలి. ఇప్పుడు పొట్టు తీసే మిషన్లు వచ్చాయి, కొర్రబియ్యం కొట్లోనే దొరుకుతోంది. అందుకే ఈ ముచ్చట చెప్పుకోగలుగుతున్నాం.

‘‘ఇంట్లో ఎవరికమ్మా షుగరు?’’

కొర్రబియ్యం ఇమ్మంటే మా వీధి చివర కొట్టాయన తూకం వేస్తూ అడిగే మాట ఇది. అంటే కొర్రలు ఇప్పుడు తిండి కాదు, మందు! చాలా ఇళ్లలో మంచి తిండి కొనిపిస్తున్నది భయమే. రక్తపరీక్ష కాగితం చేతికొచ్చిన రోజున సంచీ పట్టుకుని బయల్దేరతాం. భయానికి బలం ఎక్కువే గానీ ఆయుష్షు తక్కువ. మొదటి నెల రోజూ కొర్రన్నం. రెండో నెల రోజు విడిచి రోజు. మూడో నెలకి డబ్బాలో పురుగు.

ఇంకో సంగతి కూడా గమనించాను. మా పక్కింటి వదిన భర్తకు వేరే గిన్నెలో కొర్రన్నం వండుతుంది. ‘‘మరి నువ్వేం తింటావు వదినా?’’ అని అడిగితే నవ్వేసింది. ‘‘మీ అన్నకి కొర్రన్నం, పిల్లలకి తెల్లన్నం. నాదేముందిలేమ్మా, ఏది మిగిలితే అది’’ అంది.

ఈ ‘నాదేముందిలే’ అన్న మాటకు లెక్క కూడా ఉంది. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టికలు చూస్తే, వంద గ్రాముల సద్దల్లో ఆరు మిల్లీగ్రాములకు పైగా ఇనుము ఉంది. తెల్లబియ్యంలో ఒక మిల్లీగ్రాము కూడా లేదు. వంద గ్రాముల రాగుల్లో 360 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటే, తెల్లబియ్యంలో పది కూడా లేదు. ఎవరి ఒంటికి ఇవి ఎక్కువ అవసరమో వాళ్ల కంచంలోకే ఇవి చేరడం లేదు. అదీ విచిత్రం.

ఒక్క సద్దరొట్టెతో రక్తం పడుతుందని చెప్పడం లేదు. ధాన్యంలోని ఇనుము ఒంటికి పూర్తిగా పట్టదు. పక్కన ఆకుకూర పప్పు, కాస్త నిమ్మరసం ఉంటే మేలు. తిన్న వెంటనే టీ తాగితే ఆ పట్టేది కూడా తగ్గుతుంది. డాక్టరు రాసిన ఐరన్ మాత్రలు మానేయకూడదు.

ధర, తీరిక

2023 జనవరి నుంచి ఆహార భద్రత చట్టం కింద కార్డున్నవాళ్లకు రేషన్ బియ్యం ఉచితం. కొర్రబియ్యమేమో మామూలు సన్నబియ్యం కంటే ఖరీదు. ఇంటి ఖర్చు లెక్క చూసుకునే మనిషి ఏది కొంటుంది? ‘ఆరోగ్యం మీద శ్రద్ధ లేదు’ అని ఆమెను అనడం తేలిక. కానీ పేరు మోగిన ధాన్యాలకే అంత ధర. రాగులూ సద్దలూ జొన్నలూ అంత ప్రియం కాదు, పిండి మిల్లులో పట్టించుకుంటే సరిపోతుంది. నలుగురు ఆడవాళ్లు కలిసి ఒక మూట తెచ్చి పంచుకుంటే ఇంకా కలిసొస్తుంది. కొనేటప్పుడు ఎక్కువ పాలిష్ పట్టనివి అడగండి. పొట్టుతో పాటు పైపొర కూడా పోతే అందులోని పీచూ పోతుంది.

పిల్లల నాలుక

రాగిజావ చూస్తే మూతి ముడుచుకునే పిల్లల్ని ఏం చెయ్యాలి? 2023లో మన రాష్ట్రంలో సర్కారు బళ్లలో వారానికి మూడు రోజులు బెల్లం వేసిన రాగిజావ ఇవ్వడం మొదలుపెట్టారు. ఇంట్లో గ్లాసు తోసేసే పిల్లవాడు బళ్లో వరుసలో నిలబడి తాగొచ్చాడని మా వీధిలో ఒకావిడ ముచ్చటగా చెప్పింది. తోటివాళ్లు తాగుతుంటే తనూ తాగుతాడు. ‘మంచిది నాయనా’ అని వెయ్యిసార్లు చెప్పినా రాని పని పంక్తిలో కూర్చుంటే వస్తుంది. పెద్దవాళ్లమూ అంతే కదా!

రుచి మాట కూడా మరవకండి. చప్పగా ఉడికించి ‘తిను, మంచిది’ అంటే ఎవరూ తినరు. రాగిసంగటిలోకి శనక్కాయల పచ్చడి, సద్దరొట్టెలోకి ఉల్లికారం మన పెద్దవాళ్లు ఊరికే పెట్టలేదు.

అట్ట మీది బొమ్మ

మన దేశం ప్రతిపాదిస్తే ఐక్యరాజ్యసమితి 2023ని చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. ఆ సందడిలో రాగి బిస్కెట్లు, రాగి నూడుల్స్ అంటూ రంగురంగుల ప్యాకెట్లు వరస కట్టాయి. ముందువైపు రాగి కంకి బొమ్మ చూసి కొనేయకండి. వెనక్కి తిప్పండి. ప్యాకెట్‌లో ఏవేం వేశారో, బరువులో ఎక్కువున్న దానితో మొదలుపెట్టి వరసగా రాయాలన్నది నిబంధన. మైదా, పంచదార ముందుండి రాగిపిండి తర్వాతెక్కడో ఉంటే, అవి మైదా బిస్కెట్లే.

ఆ చీమతలకాయ అక్షరాలు అందరూ చదవలేరు కదా అంటారా? దక్షిణ అమెరికాలోని చిలీ దేశంలో 2016 నుంచి చక్కెర, ఉప్పు, కొవ్వు మితిమీరిన ప్యాకెట్ల ముందువైపే పెద్ద నల్ల గుర్తు వేయాలని చట్టం పెట్టారు. ఆ గుర్తు పడే తీపి పానీయాల కొనుగోళ్లు సుమారు నాలుగో వంతు తగ్గాయని పరిశోధకులు లెక్కతేల్చారు. కంటికి కనబడేటట్టు చెబితే చదువుకోనివాళ్లూ ఎంచుకోగలరు.

ఇక మన వంటింటి సంగతి. రెండు గిన్నెల వంట మానేద్దాం. వారానికి రెండు పూటలతో మొదలుపెట్టి, ఆ పూట ఇంటిల్లిపాదికీ ఒకటే గిన్నె వండుదాం. షుగరున్నా లేకపోయినా సరే! ఇంట్లో అందరూ కలిసి తింటే అలవాటవుతుంది. ఆ అలవాటు భయం కంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. ముఖ్యమైన మాట మరోటి. ఆ పూట వడ్డన అయ్యాక మిగిలింది తినడం కాదు, మన కంచం కూడా వాళ్లతో పాటే పెట్టుకుందాం. ‘‘ఇంట్లో ఎవరికమ్మా షుగరు?’’ అని కొట్టాయన అడిగితే, ‘‘ఎవరికీ లేదన్నా, మేమంతా తినడానికే’’ అని చెబుదాం. ఏమంటారు?