నాలుగు రాగాలు, ఆరు తీగలు

కోస్గిలో వినాయక నవరాత్రుల పందిరి ముందు గిటారు పట్టుకుని నిలబడటం ఆషామాషీ వ్యవహారం కాదు సుమండీ! ముందు చాపల మీద పిల్లలు, వెనకాల బళ్ల మీద కుర్రకారు. పాట నచ్చితే ఈలలు, స్వరం తప్పితే అంతకంటే పెద్ద ఈలలు! 2022లో ఆ రెండో రకం ఈలలు నా వంతుకొచ్చాయి.

అడిగిందేమో పాత పాట. 1957 నాటి 'సువర్ణసుందరి'లో ఘంటసాల, జిక్కి పాడిన 'హాయి హాయిగా ఆమని సాగే'. సోహిని, బహార్, జౌన్‌పురి, యమన్... నాలుగు రాగాలనూ ఒకే దండగా గుచ్చారు స్వరకర్త ఆదినారాయణరావుగారు. హిందీలో ఈ బాణీనే లతా, రఫీ పాడారు. కమిటీ పెద్ద ఒకాయనకి ఈ పాటంటే ప్రాణం. చరణాల నడుమ గిటారు సోలో ఉండాలన్నాడు. నేనూ హుషారుగా తలూపేశాను!

ఒకే రాగంలో సాగే పాటకి సోలో అల్లడం నల్లేరు మీద బండి నడక. రాగం మారే పాటలోనే ఉంది అసలు చిక్కు. బహార్‌లో ధైవతం శుద్ధం, జౌన్‌పురిలో కోమలం. తేడా ఒక్క మెట్టే, అంటే ఒక్క ఫ్రెట్టే. గాయని జౌన్‌పురిలోకి అడుగుపెట్టింది, నా వేలు మాత్రం పాత ధైవతాన్ని వదల్లేదు. రెండూ ఒక్కసారే మోగాయి. పాపం, ఆమె గొంతు తడబడింది. ఈలల సంగతి చెప్పాను కదా!

మా హార్మోనియం పెద్దాయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "మారేటియి చూస్తున్నవ్ బిడ్డా, మారనియి పట్టుకో" అన్నాడంతే. కమిటీ ఆయన మాత్రం మొహమాటపడలేదు. "నిమజ్జనం ముందు రాత్రికి గిటార్ ఉంటదా, క్యాసియోతోని కానిద్దమా?" అనేశాడు.

రెండు రోజులు సెల్‌ఫోన్‌లో తంబురా శ్రుతి పెట్టుకుని కూర్చున్నాను. అప్పుడు తెలిసింది తమాషా! జౌన్‌పురి నుంచి యమన్‌కి వెళ్లేటప్పుడు స, రి, ప ఉన్నచోటే ఉంటాయి. గ, మ, ధ, ని నాలుగూ తలా ఒక మెట్టు పైకి జరుగుతాయి. అంటే స, రి, పల మీద నిలబడి వంతెన దాటొచ్చన్నమాట.

అమెరికాలో మైల్స్ డేవిస్ 1959లో రికార్డు చేసిన 'సో వాట్' దీనికి పూర్తిగా వేరు. అక్కడ మన ఖరహరప్రియ లాంటి డోరియన్ వరస పదహారు బార్ల తర్వాత మొత్తంగా అరస్వరం పైకి ఎగబాకుతుంది, ఎనిమిది బార్లయ్యాక మళ్లీ దిగుతుంది. చెయ్యంతా ఒక మెట్టు జరిపితే సరి. వినడానికి సులువే, ఆ ఎనిమిది బార్లు లెక్క తప్పితే గోవిందా!

మూడోది మన గ్రహభేదం. మోహనంలో రిషభాన్ని షడ్జం అనుకుంటే మధ్యమావతి, గాంధారాన్ని అనుకుంటే హిందోళం. వేళ్లకి అవే ఐదు స్వరాలు, అడుగున బేస్ మారితే రాగమే మారిపోతుంది. నాకైతే ఇదే అన్నిటికంటే ఇష్టం, కాస్త భయం కూడా.

నిమజ్జనం ముందు రాత్రి మళ్లీ అదే పాట. బహార్ చివర నేను గొప్పలకి పోలేదు, పంచమం మీద ఆగాను. గాయని కోమల ధైవతం పలికాకే నేనూ తాకాను. యమన్ ముందు స, రి, ప... మూడే స్వరాలు, నింపాదిగా. తీవ్ర మధ్యమం మోగగానే ఆమె నావైపు తిరిగి నవ్వింది. వెనకాల ఈలలు మొదలయ్యాయి, ఏ రకమో ఒక క్షణం అర్థం కాలేదు.

పెద్దాయన హార్మోనియం మూసి, "పా బిడ్డా, చాయ్ తాగొద్దాం" అన్నాడు.