మీకు తెలుసా? రేసు గుర్రం ముక్కులో రక్తం

మలక్‌పేట అనగానే చాలామందికి రేస్‌కోర్సే గుర్తొస్తుంది. 1886లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పందేలను మౌలాలి నుంచి ఇక్కడికి మార్పించాడు.

పందెం పరుగెత్తిన గుర్రానికి ఒక్కోసారి ముక్కులోంచి సన్నగా రక్తం కారుతుంది. దెబ్బ తగిలిందేమో అనుకుంటాం. చాలాసార్లు అది ఊపిరితిత్తుల్లోంచి వచ్చిన రక్తం!

ఊపిరితిత్తుల్లో గాలి గదికీ రక్తానికీ మధ్య ఉండే పొర మందం మిల్లీమీటరులో వెయ్యోవంతు కూడా ఉండదు. అంత పల్చగా ఉంటేనే ఆక్సిజన్ ఇటు, కార్బన్ డయాక్సైడ్ అటు దాటగలవు. వాటిని మోసే కూలీలెవరూ లేరు. ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి వాటంతట అవే జారిపోతాయి. తీరిగ్గా కూర్చున్న మనిషిలో ఎర్ర రక్తకణం ఊపిరితిత్తుల్లోని సన్నటి రక్తనాళంలో, అంటే కేశనాళికలో, ఉండేది ముప్పావు సెకను. ఆక్సిజన్ నింపుకోవడానికి అందులో మూడోవంతు చాలు.

గుర్రం సంగతి వేరు. నిలబడి ఉన్నప్పుడు నిమిషానికి 30, 40 సార్లు కొట్టుకునే గుండె, దౌడులో 200 దాటేస్తుంది. ఊపిరితిత్తుల ధమనిలో ఒత్తిడి మూడు నాలుగు రెట్లవుతుంది. ఆ ఒత్తిడికి పల్చటి నాళికలు అక్కడక్కడ చిట్లుతాయి. రక్తం ముక్కు దాకా వచ్చేది కొద్ది గుర్రాలకే. గొట్టం కెమెరాతో చూస్తే దాదాపు సగం గుర్రాల్లో ఆ జాడ దొరుకుతుంది.

దౌడులో గుర్రానికి అంగకు ఒక్కటే శ్వాస, అదీ ముక్కుతోనే. ఈసారి రేసుకెళ్తే దాని ముక్కుపుటాలు చూడండి.