వృద్ధ గాయకుని కథాగేయములు

తెరుబలి స్టేషనులో విజయనగరము వైపు పోవు రైలెక్కినవారు రాయగడ, పార్వతీపురము దాటి బొబ్బిలి చేరుదురు. రైలు అచ్చట నిలుచునది కొద్ది నిమిషములే. కాని ఆ పేరు వినినంతనే మన పెద్దల నోట ఒక కథ వెలువడును. 1757 జనవరి 24వ తేదీన జరిగిన బొబ్బిలి యుద్ధమును వారిలో పెక్కుమంది పుస్తకములో చదివి ఎరుగరు; పాటలో విని ఎరుగుదురు. ఇట్లు కథను చెప్పుచు సాగు పాటకు కథాగేయమని పేరు. అది ఎట్లు పుట్టునో, ఎట్లు నిలుచునో, ఎట్లు నశించునో మన కాలపు ఒక వృద్ధ గాయకుని ఉదాహరణముగా గైకొని విద్యార్థులకు, వారి తల్లిదండ్రులకు వివరింప దలచితిమి.

ఆ గాయకుడు దర్శనం మొగిలయ్య గారు. తెలంగాణమున నాగర్‌కర్నూలు జిల్లా, లింగాల మండలములోని అవుసలికుంట వారి స్వగ్రామము. వారు డక్కలి కులమున జన్మించిరి. కిన్నెర మీటుచు వీరుల కథలు పాడుట వారికి తాతతండ్రులనుండి వచ్చిన విద్య. కిన్నెర యనగా పొడవైన వెదురు కఱ్ఱకు ఎండిన సొరకాయ బుఱ్ఱలు అమర్చి చేసిన తంత్రీవాద్యము. తీగ మ్రోగగా ఆ బోలు బుఱ్ఱలు నాదమును పెంచును. కఱ్ఱపై వరుసగా నిలిపిన మెట్లపై వ్రేళ్లు నొక్కి స్వరములను మార్చుదురు. మొగిలయ్య గారి కిన్నెరకు 12 మెట్లు కలవు. దానిని వాయింపగలవారు నేడు మిక్కిలి అరుదు.

వారు పాడు కథలలో పండుగ సాయన్న కథ ప్రసిద్ధము. కలవారి సొత్తు దోచి పేదలకు పంచెనని పాలమూరు ప్రజలు తలచుకొను వీరుడతడు. ఇట్టి కథలను మొగిలయ్య గారు సంవత్సరముల తరబడి ఊరూర తిరిగి పాడిరి. లోకము వారిని గుర్తించినది వార్ధక్యముననే. 2021 సెప్టెంబరులో వెలువడిన ‘భీమ్లా నాయక్’ చలనచిత్ర గీతము ప్రారంభమున వారి కంఠము, వారి కిన్నెర వినిపించినవి. మరుసటి సంవత్సరము, 2022లో, భారత ప్రభుత్వము వారికి పద్మశ్రీ బిరుదము నొసగెను. ‘బలగం’ అను 2023 నాటి చలనచిత్రము చివర పాడి అందరి కంట నీరు పెట్టించిన పస్తం మొగిలయ్య గారు వేరొకరు. వారికిని పేరు వచ్చినది జీవితపు చివరి దినములలోనే. 2024 డిసెంబరులో వారు కీర్తిశేషులైరి.

ఆ చలనచిత్ర గీతపు ప్రారంభమును విద్యార్థులు పాట వలెనే విని యుందురు. ఇక నొకసారి పాఠము వలె వినవలెను. అందు నాయకుని శౌర్యమును వర్ణించుటకు ముందే అతడు పుట్టిన చోటు, తల్లి పేరు, తండ్రి పేరు, తాత పేరు వరుసగా వచ్చును. ఇది కొత్త కల్పన కాదు, కథాగేయములకు పాత మర్యాద. వినువాడు మొదట అడుగునది “ఎవరివాడు? ఏ ఊరివాడు?” అనియే కదా! మన పల్లెలలో కొత్తవాడు వచ్చినను ఇదియే ప్రశ్న.

కథాగేయమునకు మఱి రెండు లక్షణములు కలవు. మొదటిది పునరుక్తి. ఒక మాట, ఒక చరణము, ఒక పల్లవి మరల మరల వచ్చుచుండును. చదువుకొన్నవారు దీనిని దోషమందురు. కాని కాగితము లేని గాయకునకు అదియే ఆధారము. పల్లవి తిరిగి వచ్చు లోపల తరువాతి ఘట్టము అతని మనస్సున సిద్ధమగును. రెండవది మార్పు. వినువారు ఆసక్తులైనచో కథ తెల్లవార్లు సాగును. తొందరపడినచో గడియలో ముగియును. కనుక ఒకే గాయకుడు ఒకే కథను రెండుమార్లు అచ్చముగా ఒకే విధమున పాడడు.

ఈ పాటలను వ్రాసి ఉంచు యత్నము క్రొత్తది కాదు. 1710లో మరణదండనకు గురియైన సర్వాయి పాపడి కథాగేయమును జె. ఎ. బాయిల్ అను ఆంగ్లేయుడు సేకరించి 1874లో ప్రకటించెను. ఆచార్య బిరుదురాజు రామరాజు గారు తెలుగు జానపద గేయ సాహిత్యముపై పరిశోధన చేసి 1958లో గ్రంథము వెలువరించిరి. అచ్చు మాటను కాపాడినది, స్వరమును కాపాడలేకపోయినది. తరువాత వచ్చిన ధ్వనిముద్రణ స్వరమును కాపాడినది. కాని అదియు ఒకనాటి పాటనే పట్టియుంచగలదు.

అమెరికాలో జానీ క్యాష్ అను గాయకుని జీవితమున ఇట్టిదే జరిగినది. పల్లె బాణీ పాటలతో కీర్తిగాంచిన అతనిని పాత కంపెనీ 1980లలో విడిచిపెట్టినది. 1994లో, తన 62వ ఏట, వాద్యబృందమును వదలి, ఒక గిటారు మాత్రము చేతబట్టి పాడి ఒక ఆల్బమ్ వెలువరించెను. అందలి మొదటి పాట పాత కథాగేయమే. 1900లో జార్జియా రాష్ట్రమున హత్యకు గురియైన ఒక బాలిక కథనుండి పుట్టినది. వయసు మళ్లి కంఠమున జీర వచ్చినను ప్రజలు ఆ పాటలను ఆదరించిరి. కథ చెప్పువానికి కంఠ మాధుర్యముకంటె నమ్మకము కలిగించు స్వరము ముఖ్యమని దీనివలన తెలియుచున్నది.

ఇక మా తప్పు నొకటి చెప్పవలసి యున్నది. మేము పొరుగు రాష్ట్రమున ఉపాధ్యాయ శిక్షణ పొంది వచ్చిన క్రొత్తలో, ఒక విద్యార్థిని తన అమ్మమ్మ పాడు కథను నోటుపుస్తకమున వ్రాసి తెచ్చినది. అందు ఒడియా మాటలు కలవు, కువి మాటలు కలవు, యాస కలదు. మేము ఎఱ్ఱసిరాతో అన్నిటిని దిద్ది, శుద్ధమైన తెలుగున తిరుగవ్రాయించితిమి. మరునాడు ఆ బాలిక వచ్చి, “మా అమ్మమ్మ ఇది తన పాట కాదంటున్నాది మాస్టారూ” అన్నది. మేము నవ్వి ఊరకుంటిమి. మరుసటి యేడు ఆ వృద్ధురాలు గతించినది. ఆ బాలిక మొదటి ప్రతిని అప్పటికే చించివేసినది. నేడు మిగిలినది మేము దిద్దిన పాటయే. అది ఎవరును పాడని పాట.

కోరాపుట్ ప్రాంతము 1936 వరకు మదరాసు రాజధానిలో భాగమై యుండెను. ఆ యేడు ఏప్రిల్ 1న ఒడిషా రాష్ట్ర మేర్పడినప్పుడు ఇందు చేరినది. సరిహద్దు మారినను ఇండ్లలోని పాటలు మారలేదు. ఇరుగుపొరుగు భాషల మాటలను మాత్రము చేర్చుకొన్నవి. అది మన తెలుగునకు కలిగిన మైల కాదు, మనము బ్రతికిన చోటి గుర్తు. పాలమూరు యాసను విడువకయే మొగిలయ్య గారు పద్మశ్రీ పొందిరి కదా!

చలనచిత్రమువారు తెరుబలికి వచ్చి మన ముసలివారి పాటలు పట్టుకొందురని ఎదురుచూడరాదు. విద్యార్థులారా! ఇంటి ఫోనులోనే పాటను పట్టవచ్చును. పాడినవారి పేరు, ఊరు, ఎవరివద్ద నేర్చిరి, ఏ పనివేళ పాడుదురు అను నాలుగు సంగతులు దానితో వ్రాయుడు. విన్న మాటను విన్నట్లే వ్రాయుడు. పిదప కనీసము ఒక పాటనైన మీరు నేర్చి పాడుడు. తల్లిదండ్రులారా! పెద్దలు పాడునపుడు “ఇప్పు డెందుకు?” అని ఆపకుడు. నోటుపుస్తకములు మా యొద్దకు తెండు. ఈసారి ఎఱ్ఱసిరా ముట్టము.