కాలికి విశ్రాంతి నీయని బండి

మనము నిత్యము తొక్కెడు సైకిలునకు వెనుక చక్రమున ఫ్రీవీలుండుటచేత, పల్లమున దిగునప్పుడు పెడళ్ళపై పాదములను కదల్పక యుంచి, దాని టకటక చప్పుడు వినుచు హాయిగా పోగలుగుచున్నాము. ఫిక్స్‌డ్ గేరు సైకిలునం దా సౌఖ్యము లేదు. వెనుక పళ్ళచక్రము హబ్బునకు కదలకుండ బిగింపబడి యుండుటవలన, బండి కదలుచున్నంతసేపు పెడళ్ళును తిరుగుచునే యుండును.

దీనికి తగిన తావు వెలోడ్రోమను పందెపు బాట. అందఱు నొకే దిక్కునకు పోవు వెలోడ్రోములో ఒకడు హఠాత్తుగా నిలిచినచో వెనుకవారు మీదపడుదురు గనుక అచట బ్రేకులు నిషిద్ధములు. అట్టి బాటను చూడ గోరు హైదరాబాదులోని కాప్రావారు తార్నాక మీదుగా ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు పోయిన చాలును; 2002 జాతీయ క్రీడల సైకిలు పందెములకై నిర్మించిన వెలోడ్రోము అచటనే కలదు. జపానులో 1948లో మొదలైన కైరిన్ పందెములును ఈ బండ్లపైననే జరుగును.

గేరు తీగలు లేవు, తూకము తక్కువ, మరమ్మతు స్వల్పము అని దీనిని మెచ్చువారందురు. నిజమే గాని, ఒక్క గేరు గల ఫ్రీవీలు బండికిని ఆ గుణములున్నవి గదా! దీని యసలు ఆకర్షణ మఱొకటి. చక్రము నేలను పట్టుచున్నదో, జాఱుచున్నదో పాదమునకే తెలియును. వేగము పెంచుటయు తగ్గించుటయు కాలిబలముతోనే సాగును. ఆ రుచి మరగినవానికి ఫ్రీవీలు బండి చప్పగా తోచును.

కాని కాప్రా చెంతనున్న ఈసీఐఎల్ చౌరస్తా వెలోడ్రోము కాదు. ముందు 48 పళ్ళు, వెనుక 16 పళ్ళు గల బండి పెడలు ఒక చుట్టు తిరుగునప్పటికి సుమారు 6.3 మీటర్లు పోవును. గంటకు 30 కిలోమీటర్ల వేగమున నిమిషమునకు దాదాపు 80 చుట్లు; అదే బండి పల్లమున 45 కిలోమీటర్ల వేగ మందుకొన్నచో 120 చుట్లు! అప్పుడు ఎదుట స్పీడు బ్రేకరు వచ్చినను కాళ్ళు ఆగవు, మలుపులో దిగువ పెడలు నేలకు తగిలినను ఆగవు, ప్యాంటు అంచు చైనులో చిక్కినను ఆగవు.

బ్రేకు లేనివారు పెడళ్ళను బిగబట్టి వెనుక చక్రమును ఈడ్చి ఆపుదురు. 48కి 16 సరిగా మూడవవంతు గావున, పెడళ్ళ నెప్పు డొకే స్థితిలో బిగబట్టువాని టైరు ఒక్క తావుననే అరిగి తూటుపడును. 16 పళ్ళకు బదులు 17 పళ్ళచక్రము వేసినచో ఆ అరుగుదల పదునేడు తావులకు పంచుకొనును. ఈ గణితము తెలిసినంతమాత్రమున ఆటోకు అడ్డుపడకుండ నిలువగల మనుకొనుట భ్రాంతి. వెనుక చక్రము జాఱుచు నిలుచుటకు పట్టు దూరము ముందు బ్రేకునకు పట్టు దూరముకంటె చాల హెచ్చు. బ్రిటనులో ఇట్టి బండికి ముందు బ్రేకును చట్టమే విధించినది.

కొనదలచినవారు ఒకవైపు ఫిక్స్‌డ్ పళ్ళచక్రమును, రెండవవైపు ఫ్రీవీలును పట్టు హబ్బు గల బండినే అడుగుడు. కాలు అలసిననాడు చక్రమును త్రిప్పి బిగించుకొనవచ్చును. ముందు బ్రేకు లేనిదానిని, ధర యెంత తగ్గించినను, కాప్రా వీథులకు తేకుడు.