సెల్‌ఫోన్ మూగబోతే... అరచేతిలో హామ్ రేడియో

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ జంక్షన్‌లో ఒక ప్లాట్‌ఫారం పొడవు సుమారు 1,072 మీటర్లు. ఇళ్లలో వాడే వైఫై ఈ కొస నుంచి ఆ కొసకు అందదు. అగ్గిపెట్టెకన్నా చిన్నదైన లోరా రేడియో మాడ్యూల్ మాత్రం, అడ్డంకులు లేనిచోట, కొన్ని కిలోమీటర్ల దూరానికి సందేశం పంపగలదు. దాని శక్తి వాటులో పదో వంతే.

రైల్వే ఉద్యోగాలకు వచ్చిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడిన ఊరిది. తుఫానులు ఈ ప్రాంతానికి కొత్త కాదు. 2020 మే 20న ఆంఫన్ బెంగాల్ తీరాన్ని తాకినప్పుడు చాలాచోట్ల కరెంటు, మొబైల్ సేవలు నిలిచిపోయాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ దెబ్బకు విశాఖపట్నంలోనూ అదే పరిస్థితి. అలాంటి వేళ హామ్‌లు, అంటే లైసెన్సు పొందిన అభిరుచి రేడియో ఆపరేటర్లు, సమాచారం చేరవేస్తుంటారు. చిన్న కంప్యూటర్ బోర్డులకు తగిలించే ఈ మాడ్యూళ్లు వారికి కొత్త సాధనం.

లోరా ప్రతి సమాచార ముక్కనూ పౌనఃపున్యం క్రమంగా మారే ‘చిర్ప్’ సంకేతంగా పంపుతుంది. ప్లాట్‌ఫారం రణగొణ ధ్వనిలో మాటలు వినబడకపోయినా, స్థాయి మారుతూ సాగే ఈలను చెవి పట్టేస్తుంది కదా! రిసీవరు కూడా అలాగే రొదలో మునిగిన సంకేతాన్ని గుర్తిస్తుంది.

హామ్ వాడకానికి మూడు మార్పులు అవసరం. మొదటిది పౌనఃపున్యం. బజారులో దొరికే చాలా మాడ్యూళ్లు 433 మెగాహెర్ట్జ్‌కు అమర్చి ఉంటాయి. మన దేశంలో ఈ పరిధిలో హామ్‌లకు కేటాయించినది 434-438 మెగాహెర్ట్జ్. సాఫ్ట్‌వేర్‌లో అంకె మారిస్తే సరిపోతుంది. రెండోది గోప్యత. హామ్ సందేశాలు రహస్య సంకేతాల్లో ఉండకూడదు. కాబట్టి ఎన్‌క్రిప్షన్ ఆపి, ఆపరేటరు కాల్‌సైన్ చేర్చాలి. మూడోది యాంటెన్నా. 435 మెగాహెర్ట్జ్‌కు పావు తరంగదైర్ఘ్యం సుమారు 17 సెంటీమీటర్లు. అంత పొడవు తీగ చాలు. యాంటెన్నా లేకుండా ప్రసారం చేస్తే మాడ్యూల్ పాడైపోవచ్చు.

ఎత్తైన మేడలపై ఒక్కో మాడ్యూల్ ఉంచి, అది విన్న సందేశాన్ని తిరిగి పంపేలా చేస్తే ఊరంతా గొలుసుకట్టు నెట్‌వర్క్ ఏర్పడుతుంది. పవర్‌బ్యాంకుతోనూ నడుస్తుంది.

అయితే వేగం తక్కువ. గరిష్ఠ దూరానికి అమర్చితే సెకనుకు సుమారు 300 బిట్లే. మాటలు, ఫొటోలు వెళ్లవు. భాషా లెక్కలోకి వస్తుంది. యూనికోడ్‌లో ‘నీరు’ అన్న మాటకు 12 బైట్లు కావాలి, అదే మాట రోమన్ లిపిలో 5 బైట్లే. అందుకే ‘నీరు’, ‘మందులు’, ‘క్షేమం’ వంటి మాటలకు ముందే అంకెలు నిర్ణయించుకుని, ఆ జాబితాను అందరికీ తెలిసేలా ఉంచడం మేలు.

కేంద్ర టెలికాం విభాగం నిర్వహించే పరీక్షలో ఉత్తీర్ణులైతే లైసెన్సు వస్తుంది. 12 ఏళ్లు నిండినవారు రాయవచ్చు. లైసెన్సు, యాంటెన్నా, సందేశాల జాబితా... ఈ మూడూ తుఫాను హెచ్చరిక రాకముందే సిద్ధంగా ఉండాలి.